షికోకులో అక్క ఏం తింటుంది?

నాకు తినడం మీద కంటే, ఆ తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడం మీద యావ ఎక్కువ. కిందటి చలికాలమంతా కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో మా సోఫాలో కూర్చుని జపాన్ పల్లెటూళ్ళ వీడియోలు చూశాను. మా ఆయన బయట డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తూంటే, నేను లోపల వాసాబి అనే ఘాటు దుంపని పారే సెలయేట్లో ఎలా పెంచుతారో నేర్చుకుంటున్నాను. అక్కడ రోడ్డు పక్క కూరగాయల కొట్లలో ముల్లంగి కట్టల పక్కన వాటిని పండించిన రైతు ఫోటో పెడతారట. ఆ రైతులు ఫోటోల్లో నవ్వుతారా, పాస్‌పోర్టు ఫోటోలో మనలాగా బిగుసుకుపోతారా అన్నది నాకు పెద్ద ప్రశ్న అయిపోయింది. ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా తెలియలేదు. ఇక వెళ్ళి చూడాల్సిందే అనుకున్నాను.

ఆ మాట దగ్గర్లో ఏజాక్స్‌లో ఉండే అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అక్క నా తోడబుట్టింది కాదు. మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో పరిచయమై, అప్పట్నించీ అక్కే అయిపోయింది. పిల్లల డాక్టరుగా చేసి రిటైరైంది. వాళ్ళాయన, మా బావగారు, ఇంజనీరుగా రిటైరయ్యారు. మా రెండు కుటుంబాల పండగలూ పుట్టినరోజులూ వాళ్ళింట్లోనే జరుగుతాయి, ఎందుకంటే వంట అక్కది.

"నేనూ వస్తానే," అంది అక్క.

నేను ఫోన్ చెవి మార్చుకుని మళ్ళీ అడిగాను. అక్క ఎక్కడికీ రాదు. ఆవిడకి మాంసం, చేప, గుడ్డు ఏవీ తగలకూడదు. శనివారమైతే ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. ఎవరింటికి భోజనానికి పిలిచినా పెరుగన్నం డబ్బా తెచ్చుకుని, ఒకరికి శ్రమ ఇవ్వలేదు కదా అని తృప్తి పడే మనిషి. "కొండల మీద వరి మళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయిట కదా, అవి చూడాలనుందే," అంది. తన కోసం తాను ఏదైనా కావాలని అక్క నోటి వెంట వినడం నాకు అదే మొదలు. ఎలాగైనా తీసుకెళ్ళి తీరాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆ ఆదివారం నలుగురం వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. కూర్చున్నది నిజానికి ముగ్గురం. అక్క పెసరట్లు వేస్తూ వంటింటికీ టేబుల్‌కీ మధ్య తిరుగుతోంది. టోక్యో, క్యోటోల్లో జనం ఎక్కువని తీసేశాం. చిన్న దీవి, కొండలు, సన్నటి రోడ్లు, ఊరికో రకం తిండి ఉన్న షికోకు బాగుందని నేను వాదించి గెలిచాను. వ్యాన్ అద్దెకి తీసుకుని మన ఇష్టం వచ్చిన చోట ఆగుతూ తిరుగుదామన్నాం.

"అక్కడ లెఫ్ట్‌లో డ్రైవ్ చేయాలి," అన్నాను.

"అదేం పెద్ద పనమ్మా! మనం పుట్టిందే లెఫ్ట్‌లో నడిపే దేశంలో," అన్నారు బావగారు. అది మన రక్తంలోనే ఉంటుందని మా ఆయన వంత పాడాడు.

నాకు ఊరికే తెలుసుకోవాలనిపించి, ఇండియాలో ఇద్దరూ ఏ కారు నడిపేవారని అడిగాను. తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావగారు నడిపింది స్కూటరు. మా ఆయన తొక్కింది సైకిలు. ఇద్దరికీ కారు నడపడం నేర్పింది కెనడా వచ్చాక ఎటోబికోలో ఒకే డ్రైవింగ్ స్కూలు. అక్క పెనం దగ్గర నుంచే పగలబడి నవ్వింది. చివరికి ఆటోమేటిక్ వ్యాన్ తీసుకుని, మొదటి రోజు ఊరి బయట నెమ్మదిగా నడిపి అలవాటు చేసుకోవాలని ఒప్పందానికి వచ్చారు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. షికోకు ఉడాన్ నూడుల్స్‌కి పేరున్న చోటు. ఆ లావుపాటి నూడుల్స్ గురించి చదువుతూ, వాటి పులుసు దేనితో కాస్తారో చూశాను. ఎండబెట్టిన చేపలతో. దాన్ని దాషి అంటారట. సరే, కూరగాయల వంటకాలు చూద్దామనుకుంటే వాటిలోనూ దాషి. వంకాయని ఉడికించేది దాషిలో, సోయా పాలతో చేసే తోఫు మీద పోసేది దాషి. పైకి మాత్రం ఎక్కడా చేప ముక్క కనిపించదు. చదివిన కొద్దీ నాకు భలే ఆశ్చర్యమేసింది, మనం పోపు పెట్టకుండా కూర దించనట్టు వాళ్ళు ఇది లేకుండా దించరన్నమాట. నా ఆశ్చర్యంలో నేనుండి గట్టిగా చదివేస్తూంటే, అక్క అట్లకాడతో సహా వచ్చి నిలబడింది.

"అయితే నేను మానేస్తాలేవే. మీరు వెళ్ళిరండి," అంది. మొహం చూస్తే జాలేసింది. మళ్ళీ తనే, "పోనీ ఒక పని చేద్దాం. కిచెన్ ఉన్న రూములు బుక్ చెయ్యి. రైస్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ పట్టుకొస్తా. అందరికీ రోజూ వేడివేడిగా వండి పెడతా," అంది.

మగవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "ఇంకేం, ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది," అన్నారు బావగారు. "వదిన గారి చేతి పప్పు తింటూ ఆ కొండలు చూస్తుంటే ఆ మజాయే వేరు," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, తిండి కోసం అంత దూరం వెళ్తూ రైస్ కుక్కరా? అక్క ఏజాక్స్‌లో చేసే వంట షికోకులో కూడా చెయ్యాలా? కిచెన్ ఉన్న రూము నేను చచ్చినా బుక్ చెయ్యను," అన్నాను. నా గొంతు పెద్దది. అక్క మాత్రం "నాకేం కష్టం కాదే," అని గొణిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ ప్రయాణంలో అక్క తింటుందా, మాకు వండి పెడుతుందా అన్నదొక్కటే ఇక నాకు ప్రశ్న.

మా ఎదురింట్లో ఒక జపాన్ ఆవిడ ఉంటుంది. పెళ్ళి చేసుకుని కెనడా వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. ఎండాకాలంలో ఆవిడ నాకు దోసకాయలిస్తుంది, నేను గోంగూర ఇస్తాను. గోంగూరతో ఏం చేస్తుందో ఎంత అడిగినా చెప్పదు. ఆవిడ చేత పల్లెటూళ్ళలో ఇంటివాళ్ళే వండిపెట్టే చిన్న బసలకి ఫోన్ చేయిద్దామనుకున్నాను. మనకి సాయంత్రమైతే వాళ్ళకి మర్నాడు పొద్దున. అక్కనీ బావగారినీ కూడా రమ్మన్నాను, ఏం తినకూడదో అక్క స్వయంగా చెప్పొచ్చని.

మొదటి చోట ఎదురింటావిడ చాలాసేపు వంగి వంగి మాట్లాడింది. అవతలి మనిషి కనిపించకపోయినా ఫోన్ పట్టుకుని వంగుతోంది. పెట్టేశాక, "కొంచెం కష్టం అన్నారు," అంది. కొంచెమే అయితే ఫరవాలేదు కదా అని నేను ఉత్సాహపడ్డాను. "కాదు. అలా అన్నారంటే కుదరదనే," అంది. రెండో చోటా కొంచెం కష్టమే. అక్క సోఫా అంచున, బస్సు దిగబోయేవాళ్ళలా చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పాపం, ఆవిణ్ణి ఎందుకే ఇబ్బంది పెడతావు, చాలించు," అంది నాతో.

మూడోది ఇయా అనే లోయలో, గడ్డి కప్పిన పాత ఇల్లు. ఫోన్ ఎత్తింది ముసలావిడని గొంతు బట్టి తెలిసింది. ఎదురింటావిడ ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆవిడ మాటల్ని మాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. చేప పులుసు వద్దంటే, ఎండు పుట్టగొడుగులూ సముద్రపు నాచూ నానబెట్టి కాస్తానందిట. గుడ్డు వద్దంటే సరేనంది. తరవాత శనివారం ఉల్లి సంగతి వచ్చింది. ముసలావిడ ఆశ్చర్యపోలేదు సరికదా, "మా గుడి వంటలోనూ ఉల్లీ వెల్లుల్లీ వెయ్యం," అందిట. అక్కా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఎక్కడి తిరుపతి వెంకన్న, ఎక్కడి ఇయా లోయ! అది ఎందుకు, ఎప్పట్నించి అని నేను అడగబోతూంటే మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు.

అప్పుడు ఆ ముసలావిడ ఏదో అడిగింది. ఎదురింటావిడ అక్క వైపు తిరిగింది.

"తిననివన్నీ తెలిశాయట. మీకు ఇష్టమైనవి ఏమిటని అడుగుతోంది."

"కందా బచ్చలి," అన్నారు బావగారు ఠక్కున.

"అది మీకు ఇష్టం," అంది అక్క.

"గుత్తి వంకాయ," అన్నాను నేను.

"అది నీకు."

మా ఆయన నోరు తెరిచి, ఎందుకైనా మంచిదని మూసేశాడు. ఇన్నేళ్ళుగా ఆవిడ చేతి వంట తిన్నాం. ఆవిడ తిననివి నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. ఇష్టమైనది ఒక్కటి చెప్పమంటే ముగ్గురికీ తెలియలేదు. నాకు సిగ్గేసింది. లోకంలో ప్రతిదీ అడిగి తెలుసుకుంటానని నాకెంత గర్వమో!

అక్క కూడా చాలాసేపు ఆలోచించింది. ఫోన్లో ముసలావిడ తొందరపెట్టలేదు.

"మాడు," అంది చివరికి, సిగ్గుపడుతూ. "కట్టెల పొయ్యి మీద వండినప్పుడు గిన్నె అడుగున ఎర్రగా పట్టేస్తుందే అన్నం, అది. కాస్త ఉప్పు రాసుకుని తినేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మమ్మ గోకి పెట్టేది. పెళ్ళయ్యాక మళ్ళీ తినలేదు."

ఎదురింటావిడ ఆ మాట జపనీస్‌లో చెప్పగానే అవతల పెద్ద నవ్వు వినిపించింది. వాళ్ళింట్లో అన్నం ఇప్పటికీ కట్టెల మీద ఇనప కుండలోనేనట. అడుగున పట్టిన అన్నం కోసం మనవలు కొట్టుకుంటారట. ఈసారి వాళ్ళకి దక్కనివ్వనందిట.

అక్క కూడా నవ్వింది. తరవాత కొంగుతో పెదవి తుడుచుకుని, ఎదురింటావిణ్ణి అడిగింది: "పొద్దున్నే లేచి నేను కూరలు తరిగిపెట్టనా? నాకు ఊరికే కూర్చోవడం అలవాటు లేదు. ఒకసారి అడగండి."

ఎదురింటావిడ అడిగింది. ఆ ముసలావిడ జవాబు పొట్టిగా, కొంచెం కటువుగా వచ్చింది.

"అక్కర్లేదట. అతిథులు వంటింట్లోకి రాకూడదట."

బావగారు ఏదో సర్దిచెప్పబోయారు. అక్క చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. అక్క మొహం నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఆ మాట ఆవిణ్ణి ఇంకొక్కసారి చెప్పమనండి," అంది.