అమ్మమ్మ గొంతు మీద మా గొంతు

నిన్న బీరువా సర్దుతుంటే ఓ పాత క్యాసెట్ దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే కలరా ఉండల వాసన, మా సెక్టర్ సిక్స్ క్వార్టర్ వాసన.

భిలాయి ఉక్కు కాలనీలో పెరిగిన తొంభైల పిల్లలూ, గుర్తుందా? ఊళ్లో ఫోన్ లేని అమ్మమ్మకి మన కబుర్లు క్యాసెట్‌లో నింపి, శ్రీకాకుళం వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. రికార్డింగ్‌కి ఎర్ర బటన్ నొక్కే ముందు అమ్మ హెచ్చరించేది: "ఒరే, హిందీ ముక్క రానీకండి. అమ్మమ్మకి బోధపడదు." రెండు మాటలకే మేం ఇంకేం చెప్పాలో తెలీక "ఔర్ క్యా బోలూఁ?" అని నీళ్లు నమిలేవాళ్లం.

అమ్మమ్మ జవాబు అదే క్యాసెట్‌లో వచ్చేది, మా మాటల మీదే. "ఏటర్రా, బాగున్నారేటి? ఎప్పుడొస్తారేటి?" అది విని, మళ్లీ ఆవిడ మాటల మీదే మావి నింపేవాళ్లం. ఆ గొంతు దాచుకోవాలని ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లోని ఏఐతో మాట్లాడుతూ తెలుగు నేర్చుకుంటోంది. ఆ ఫోన్ వార్తలు చదివినట్టు జవాబిస్తుంది. నేనూ మురిసిపోయాను. మొన్న మా అమ్మ "ఏటే, తిన్నావేటి?" అని అడిగితే పిల్ల నా వైపు తిరిగింది.

"పప్పా, దాదీ తెలుగు గలత్ హై క్యా? ఫోన్ అలా మాట్లాడదు కదా!"

నానమ్మది తప్పు తెలుగట!

పిల్లకి మా అమ్మమ్మ మాట వినిపించాలి. ఈ క్యాసెట్‌లో చివరికి మిగిలింది అమ్మమ్మ గొంతో, మా తడబాటో తెలీదు. వినడానికి టేప్ రికార్డర్ లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి. ఆ ఎర్ర బటన్ మాత్రం ఊడబీకి ఇవ్వండి.