ఫిల్ము మీద ఐదుగురు ఆడవాళ్లు

1997లో నంద్యాలలోని ఒక చిన్న గ్రంథాలయంలో నేను పాత పత్రికల విభాగం చూసేదాన్ని. మేడ మీద గది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉండడంతో మధ్యాహ్నం కూడా పొద్దుగూకినట్టే ఉండేది. పాత పేపర్లు ముట్టుకుంటే పొడి అయిపోతాయి కాబట్టి, పేజీ పేజీకి ఫొటో తీసి ఫిల్ము చుట్టలుగా దాచేవాళ్లు. దాన్నే మైక్రోఫిల్మ్ అంటారు. చుట్టను రీడర్ అనే యంత్రానికి తగిలించి పిడి తిప్పితే, పైనున్న దీపం వెలుగులో పేజీ పెద్దదై కింద తెల్లటి పలక మీద పడుతుంది. మా దగ్గరున్నది నెగటివ్ ఫిల్మ్. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపించేది. గంటసేపు చూస్తూ కూర్చుంటే ఊళ్లూ మనుషులూ నీళ్ల అడుగున కదులుతున్నట్టు ఉండేది.

ఆ చలికాలంలో ఆళ్లగడ్డ నుంచి బ్రహ్మయ్య వచ్చాడు. విగ్రహాలు చెక్కుతాడు, యాభై దాటిన మనిషి. కనుబొమల మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది.

"మా యమ్మ ఫొటో మీ కాడ ఉంటాదేమోనని వచ్చినా మేడం," అన్నాడు.

అతను పాలు తాగే వయసులోనే తల్లి నాగమ్మ జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఒకసారి పెద్ద ఆంజనేయ విగ్రహాన్ని బండికెక్కించి పంపుతుంటే పేపరు మనిషి ఫొటో తీశాడనీ, అందులో అమ్మ ఉందనీ అక్క లక్ష్మక్క చెప్పేది.

"ఏ సంవత్సరం?"

"నేను పుట్టిన ఏడేనంట. జొన్నకోతలప్పుడు."

"మెల్లగా వెతుకుదాం, తొందరేముంది," అన్నాను.

"తొందరే మేడం. మా యక్కకు కండ్లల్లో నీటికాసులు. ఒక కన్ను పాయ. రెండోది ఎన్నాళ్లుంటాదో చెప్పలేమన్యాడు డాక్టరు. అమ్మను గుర్తుపట్టేది ఆ యక్క ఒక్కతే."

ప్రతి గురువారం మొదటి బస్సుకు వచ్చేవాడు. నేను పిడి తిప్పుతుంటే, అతను పలక మీదకు వంగి చూసేవాడు. వాన కురవని ఊళ్లు, తప్పిపోయిన ఎద్దులు, నాటకాల ప్రకటనలు మా చేతుల మీదుగా జారిపోయేవి. మధ్యమధ్య మేమెందుకు కూర్చున్నామో కూడా మరిచిపోయేవాళ్లం. ఐదో గురువారం అతను నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"ఈడ ఆపు మేడం."

బండి మీద ఆంజనేయుడు. పక్కన నీళ్ల బిందెలతో ఐదుగురు ఆడవాళ్లు. కింద విగ్రహం గురించి రెండు వరుసలున్నాయి, ఆడవాళ్ల పేర్లు లేవు.

"ఈళ్లంతా ముసలోళ్లే గదా. మా యమ్మకు పాతికేళ్లు గూడా నిండలా," అన్నాడు నీరసంగా.

ఆ తెల్లజుట్టు నెగటివ్ వల్ల వచ్చిందేనని, నిజానికి అది నల్లజుట్టని చెప్పాను. ఐదుగురిలో తన తల్లి ఎవరో అతనికి తెలియదు. నాకూ తెలియదు.

మరుసటి వారం లక్ష్మక్కను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పలక మీదకు వంగగానే బొమ్మ ఆమె నెత్తి మీద పడింది. పక్కకు జరిపి కూర్చోబెట్టాం. వేలితో తడుముతూ ఒక్కొక్కరినీ చూసింది.

"ఈమె మా పెద్దత్త. ఈమె ఎదురింటి ఖాసింబీ. ఇది మా చిన్నమ్మ." వేలు నాలుగో ఆమె దగ్గర ఆగింది. "ఒరే చిన్నోడా, ఇదోరా అమ్మ. అందరూ బిందె ఎడంపక్క పెట్టుకోనుంటే ఈమె కుడిపక్క పెట్టుకోండాది చూడు. అమ్మది పుర్రచేతి వాటం, ఎడంచెయ్యి ఖాళీగా ఉండాల. నేను ఆ పక్కనే కొంగు పట్టుకోని నిలబడింటి. ఫొటోలో పడలా."

కాపీ తీసే యంత్రం మా దగ్గర లేదు. బ్రహ్మయ్య ఒక తెల్లకాగితం అడిగి పలక మీద పరిచాడు. తల్లి బొమ్మ కాగితం మీదకు వచ్చింది. గీతల వెంట పెన్సిల్ నడిపాడు. ముక్కు, చుబుకం, కుడిపక్కన బిందె. తర్వాత తెల్లజుట్టును నల్లగా దిద్దడం మొదలుపెట్టాడు. ఆమెకు మా కళ్లముందే వయసు తగ్గుతూ వచ్చింది. సగం దిద్దాక అక్క అతని చెయ్యి పట్టుకుంది.

"చాలు, మిగతా తెలుపు అట్లే ఉండనీరా. ఆమెను ముసలిదాన్నిగా మనం యాడ చూస్తిమి."

అతను పెన్సిల్ పక్కన పెట్టేశాడు. కాగితం మడవకుండా గుండెకు ఆనించుకుని అక్కతో కలిసి మెట్లు దిగిపోయాడు. ఆ ఎండాకాలం ముగిసేలోగా లక్ష్మక్క రెండో కన్నూ పోయిందని తర్వాత ఉత్తరం రాశాడు.

ఫిల్ములో ఏముందో రాసిపెట్టుకునే చీటీల పెట్టె ఒకటి మాకుండేది. ఆ పేజీ దొరికిన గురువారం నేను దానికి "ఆళ్లగడ్డ విగ్రహం" అని మాత్రమే రాశాను. అక్కాతమ్ముళ్లు వెళ్లాక చీటీ తీసి, లక్ష్మక్క చెప్పినట్టే నలుగురినీ వరసగా రాశాను. ఐదో ఆమె ఎవరో ఆమెకూ గుర్తురాలేదు.

కాగితాన్ని కాపాడితే నా పని అయిపోయిందని అంతవరకూ అనుకునేదాన్ని. చూసి చెప్పగలిగిన కళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలని ఆ రోజు తెలిసింది. 2004లో ఉద్యోగం మానేదాకా, ఆళ్లగడ్డ వైపు నుంచి పెద్దవాళ్లెవరు వచ్చినా, వాళ్ల పని చూసే ముందు ఆ చుట్ట తగిలించి అడిగేదాన్ని: "ఈ చివరామె ఎవరో మీకేమైనా తెలుసా?"