గ్లాసు నీళ్ల ఫోటో

విశాఖపట్నంలో ఆ పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరినప్పుడు పని నేర్పుతామన్నారు. నేర్పారు కూడా. విలేకరికి భోజనాల వేళ ఫోన్ చెయ్యకూడదని, ప్రెస్‌నోట్‌లో అసలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలని, క్లయింట్ ఎంత అడ్డదిడ్డంగా మాట్లాడినా "తప్పకుండా సార్" అనాలని. ఆ చివరిది మాత్రం నాకు ఇప్పటికీ రాలేదు. కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను!

నీళ్లు శుద్ధి చేసే యంత్రాల కంపెనీ ఒకటి, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానం ఊళ్లలో ప్లాంట్లు పెడుతోంది. ప్రచారం పని మా ఆఫీసుకి వచ్చింది. టీమ్ లీడర్ మేడమ్ నన్ను పిలిచింది.

"మీ వైపే కదా, నువ్వు చూసుకో. పోస్టర్‌కి ఒక ముఖం కావాలి. ఊరి మనిషి మంచినీళ్లు తాగుతూ నవ్వాలి. బాధ వద్దు, ఆశ కనిపించాలి."

ఆశట! ఒళ్లు మండింది. అయినా తల ఊపి, బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అమ్మ చేతిలోంచి మా మేనమామ ఫోన్ లాక్కున్నాడు.

"నేనొత్తానే కోడలా. నన్నెట్టించు."

"నీకెందుకు మావా ఈ పోస్టర్ల గోల?"

"పోస్టరెవుడికి గావాలే? పెద్ద కెమెరాతో ఓ మంచి ఫోటో తీయించు. నాకోటియ్యి, సాలు. మా అన్న ఫోటో సూసినావు కాదేటి?"

చూశాను. ఆ పెద్ద మావ కిడ్నీ జబ్బుతోనే పోయాడు, ఇప్పుడు ఈ మావకీ అదే. వేరే ఫోటో దొరక్క ఆధార్ కార్డులోదే పెద్దది చేయించి గోడకి తగిలించారు. నల్లగా, మసగ్గా, మనవాడేనా అన్నట్టు ఉంటుంది.

"ఆడి మొకం పిల్లలకి గురుతు నేదు. నాకలాగొద్దే. గోడమీదైనా మనిసినాగుండాల" అన్నాడు మావ.

ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాన్న లేని పిల్లనని టెక్కలిలో డిగ్రీ చదువుతున్నంత కాలం పూండి స్టేషన్ దాకా సైకిల్ మీద దింపి, రైలు కదిలేదాకా నిలబడ్డ మనిషి. ఇప్పుడు తన చావు ఫోటో సంగతి నాకు అప్పజెబుతున్నాడు.

అప్పటికే పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి నీళ్లు కొలిచి తాగాలి. పొద్దున్నే అత్త ఓ చిన్న సీసాలో పోసి ఇస్తుంది. పడుకునేదాకా అవే. ఎండల్లో జీడితోటలోంచి వచ్చి, ఓ గుక్క పుక్కిలించి, మింగాలా వద్దా అని ఆలోచించేవాడు. ఆ మొహం చూడలేక నేను పెరట్లోకి వెళ్లి తాగేదాన్ని.

మరి అలాంటి మనిషిని ఈ పోస్టర్‌కి పెట్టడానికి ఎలా ఒప్పుకున్నావంటారేమో. గ్లాసు పట్టుకుని నవ్వితే చాలనుకున్నాను. ఇక జబ్బు సంగతి మేడమ్‌కి చెప్పాలని నాకు తట్టనే లేదు. దాచలేదు. మా ఊళ్లో అది విడిగా చెప్పుకునే సంగతి కాదు. ఒంట్లో బాగున్నవాళ్ల గురించే విశేషంగా చెప్పుకుంటాం.

మేడమ్, ఫోటోగ్రాఫర్ మా ఊరొచ్చి కొబ్బరితోటలో ఫోటోలు తీశారు. మావ తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. ఫోటోగ్రాఫర్ నిండుగా గ్లాసు ఇచ్చాడు. మావ అలవాటుకొద్దీ పెదవులు తడుపుకుని ఆపేశాడు.

"అలా మందు మింగినట్టు కాదు సార్, గటగటా తాగండి."

"వద్దు, ఆయన తాగకూడదు" అన్నాను.

మేడమ్ నావైపు తిరిగింది. "తాగకూడదా? పేషెంటా? ముందే చెప్పొద్దూ?"

"ఈ ఊళ్లో ముఖం కావాలన్నారు మేడమ్. ఈ ఊళ్లో ముఖాలు ఇవే!"

మేమిద్దరం అలా అరుచుకుంటుంటే వెనక కెమెరా టకటకమంది. తిరిగి చూద్దును కదా, మావ గ్లాసు సగం పైగా ఖాళీ చేసేశాడు. గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి. కళ్లు మూసుకుపోయి, నోరారా నవ్వుతున్నాడు. ఎన్నేళ్లయిందో ఆ నవ్వు చూసి.

"ఒక్క గలాసే కదే కోడలా, అరవకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయాసంతో ఆటోలో పలాస తీసుకెళ్లాం. నర్సమ్మ చెడామడా తిట్టింది. దొంగతనంగా బెల్లం తిన్న పిల్లాడిలా మూతి తుడుచుకున్నాడు. సంగతి తెలిసి కంపెనీవాళ్లు రోగి ముఖం వద్దన్నారు. పోస్టర్ మీద ఇంకెవరో నవ్వారు. ఫోటోగ్రాఫర్ మంచివాడు, అడగ్గానే మావ ఫోటో నా ఫోన్‌కి పంపించేశాడు. పలాసలో ఫ్రేమ్ కట్టించి పట్టుకెళ్లాను.

మావ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. "ఇదేనే. ఇదే ఏలాడదియ్యండి" అన్నాడు.

"నోర్మూసుకో, మాయదారి మాటలూ నువ్వూను" అని అత్త కసిరి, దాన్ని పెట్టె అడుగున దాచేసింది.

ఆ వానాకాలంలోనే మావ పోయాడు. దినకర్మకి ఫోటో బయటికి తీశారు. చుట్టాల్లో ఓ పెద్దాయన అది చూసి మొహం చిట్లించాడు.

"ఇదేటిది, గలాసుతోటా? వొచ్చినోలు సారా తాగుతున్నాడనుకోరేటి? నువ్వా పనిలోనే ఉన్నావు గదమ్మా, ఆ గలాసు తీయించీ."

నిజమే, ఆ పని నాకు వచ్చు. ముఖం ఉంచి మిగతాది కత్తిరించడం ఆఫీసులో మొదటి వారమే నేర్పారు. సరేనంటూ ఫోన్ తీశాను.

అత్త లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆవిడకి.

"గలాసు తియ్యకే. అది నేకపోతే మీ మావ దేన్ని సూసి నవ్వినట్టే? ఇన్నేల్లూ నానే కొలిసి పోసినాను. ఇప్పుడైనా తాగనీ."