షార్గాకు వినబడిన మాట

విషేవ్ లోయ అడవిలో దుంగలు లాగే గుర్రం పక్కన ఎవరూ నడవరు. దొర్లిన దుంగ కాళ్ల మీదికొస్తుంది. గుర్రం వాలులో ముందు దిగుతుంది, మనిషి పైన నిలబడి కేక వేస్తాడు. గవ్రిలా తొమొయాగ ముప్పై ఏళ్లు అలా కేకలేసి బతికాడు. ఆయన "హో" అంటే ఆయన గుర్రం షార్గాతో పాటు వాగు అవతలి గట్టు మీది గుర్రాలూ ఆగేవి.

అందుకే గొంతు బొంగురుపోతే ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ అడవి పనివాళ్లకు అది చేతులు కాయలు కాయడం లాంటిదే. ప్లమ్ పండ్ల సారా కాచి, మిరియాలేసి, ఆరు నెలలు తాగాడు. మంచినీళ్లు తాగినా పొలమారడం మొదలయ్యాక భార్య అనూత్సా పట్నం ఆసుపత్రికి లాక్కెళ్లింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. గడ్డ స్వరతంత్రిని ఆడించే నరాన్ని చుట్టేసింది. గడ్డతో పాటు ఆ నరాన్నీ తీసేయక తప్పలేదు.

"ప్రాణానికి భయం లేదు," అంది డాక్టరమ్మ. "గొంతులో తలుపుకి రెండు రెక్కలుంటాయి. ఒకటి బిగుసుకుపోయింది. రెండోది సాయపడడం నేర్చుకోవాలి. అరవకు, గుసగుసలాడకు. పొట్టలోంచి ఊపిరి తీసి చిన్నగా మాట్లాడు. కుదరకపోతే సూదిమందుతో ఆ రెక్కని కాస్త జరుపుతాం."

"మరి గుర్రం?" అన్నాడు గవ్రిలా, సగం గాలిగా.

"గుర్రానికేమైంది?"

ఇంటికొచ్చి "హో" అంటే షార్గా తలైనా ఎత్తకుండా మేత మేస్తూనే ఉంది. అనూత్సా ఆయన బదులు కేకేసింది. షార్గా నచ్చనట్టు చెవులు వెనక్కి వాల్చింది.

పొరుగున ఉండే ఇలియెష్ వచ్చాడు. "దాన్ని నాకిచ్చెయ్యన్నా. వాగు మలుపు దగ్గర ఆగకపోతే దుంగతో పాటు అదీ వాగులో పడుద్ది."

గవ్రిలా తల అడ్డంగా ఊపాడు. కేక తన దగ్గర లేదు. ఉన్న గొంతుకే గుర్రాన్ని అలవాటు చెయ్యాలి. చలికాలమంతా పెరట్లో గడ్డిబండి కట్టి, "హో" అని తగ్గు స్వరంతో అంటూ, అన్న క్షణానే పగ్గం లాగేవాడు. తర్వాత పగ్గం వదిలేశాడు. ఐదడుగుల దూరం, పది, ఇరవై. నాలుగు మాటలకే ఆయాసం వచ్చి మొద్దు మీద కూర్చునేవాడు.

"ముప్పై ఏళ్లలో నాతో ఎప్పుడన్నా ఇంత మెత్తగా మాట్లాడావా?" అంది అనూత్సా.

"నువ్వు ఆగమంటే ఆగవుగా."

మంచు కరిగాక వాలు మీదికెళ్లారు. షార్గా దుంగతో దిగింది. మలుపుకి చాలా ముందే గవ్రిలా "హో" అన్నాడు. చుట్టూ రంపం మిషన్ల రొద. గుర్రం ఆగలేదు. మళ్లీ అన్నాడు. అరవాలని మెడ నరాలు బిగిశాయి. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఊపిరి దించాడు.

కింద చెట్లు కోస్తున్న ఇలియెష్ అది చూశాడు. మిషను ఆపి చెయ్యెత్తాడు. ఒకటొకటిగా మిగతావీ ఆగిపోయాయి. వాగు చప్పుడు వినబడింది.

"హో," అన్నాడు గవ్రిలా, పొట్టలోంచి.

షార్గా నిలబడింది. వెనక దుంగ రెండడుగులు జారి ఆగింది.

ఇప్పుడు ఆ వాలులో షార్గా దిగుతుంటే మిషన్లన్నీ ఆగుతాయి. "నీ మూలాన రోజుకి రెండు చెట్లు తక్కువ పడుతున్నాయన్నా," అని ఇలియెష్ సణుగుతాడు. అందరికంటే ముందు మిషను ఆపేది కూడా అతనే.