దుఖాన్‌లో జర్మన్ విలేకరిని అడిగిన ప్రశ్న

తొంభైల్లో మేము దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా ఆఫీసులో ఒక జర్మన్ ఇంజనీరు ఉండేవాడు. ఆయన మామగారు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం తరఫున వార్తలు రాసి పతకం అందుకున్న విలేకరి అనీ, చలికాలం గడపడానికి దుఖాన్ అనే ఊళ్ళో కూతురింటికి వచ్చాడనీ తెలిసింది. లిబియా ఎడారిలో పట్టుబడ్డ భారతీయ సైనికుల గురించి కూడా రాశాడట. మా తాతయ్య ఆ ఖైదీల్లో ఒకడిగానే చనిపోయాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే అమ్మ ఒక్కటే అడిగింది. "మా నాన్నకి అన్నం పెట్టారో లేదో కనుక్కోవే." అది కనుక్కోకుండా తిరిగి రాకూడదనుకున్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి, రానూపోనూ వంద రియాళ్ళకి టాక్సీ మాట్లాడుకుని బయల్దేరాను. పడమటి తీరంలో ఉన్న దుఖాన్‌కి గంట పైనే ప్రయాణం. దారంతా ఇసుక, పక్కనే చమురు గొట్టాలు, తొందరేమీ లేని ఒంటెలు. డ్రైవర్ మల్లేశంది కరీంనగర్. ఎందుకు వెళ్తున్నానో దారిలో అతనికి చెప్పాను.

"గా ముసలాయన నిజం చెప్తడా అక్కా? తన గొప్పలే చెప్పుకుంటడు గని," అన్నాడు.

"చెప్పేదాకా లేవను."

"గట్లయితే బండి నీడకు పెట్టుకుంట."

పెద్దాయనకి ఎనభై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. కాఫీ ఇచ్చి, ఇసుక తుఫానుల గురించీ సేనాపతుల గురించీ ఇంగ్లీషులో గంటసేపు చెప్పాడు. చివరికి నా ప్రశ్న అడిగాను.

"భారతీయులకి విడిగా బియ్యం ఇచ్చేవాళ్ళు. వాళ్ళే వండుకుని, పాటలు పాడుకునేవారు," అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. కానీ ఆయన ఆ మాటల్ని పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"మీరు చూశారా?"

"నా వ్యాసంలో ఉంది."

"వ్యాసం సంగతి కాదండీ. మీరు కళ్ళారా చూశారా?"

"నాన్న అలసిపోయారు," అంది కూతురు. నేను కదల్లేదు. మళ్ళీ అడిగాను.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "లేదు. మా అధికారి చెప్పింది రాశాను. ఆ ఖైదీల శిబిరం కంచె దగ్గరికి నేను వెళ్ళనే లేదు."

"మరి పతకం?"

"ఆ ఏడాది రాసినవాటికే."

నాకు ఒళ్ళు మండిపోయింది. నమస్కారం పెట్టి లేచాను. తిరుగు దారిలో మల్లేశం, "చెప్పిండా?" అన్నాడు. చెప్పాడన్నాను.

సాయంత్రం అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"చూడలేదన్నాడుగా," అంది. "అంటే పెట్టలేదని కూడా ఆయనకి తెలీదన్నమాట."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. నేను అంత పట్టుబట్టి తెచ్చిన నిజంలో కూడా అమ్మ వాళ్ళ నాన్న కోసం ఒక ముద్ద వెతుక్కుంది. నేను కాదనలేదు. అయినా వెళ్ళినందుకు ఏనాడూ బాధపడలేదు. మీ ఇంటి మనిషి గురించి చెప్పగలిగేవాళ్ళు ఫలానా చోట ఉన్నారని తెలిస్తే, సెలవు చూసుకుని వెళదాంలే అనుకోకండి, ఆ వారమే వెళ్ళండి. వేసవి రాకముందే ఆ పెద్దాయన పోయాడు.