ఎస్తేరు ఇంటికి పోయిన వీణ

మొన్న మా మనవరాలి వీణకు మెట్లు మళ్లీ కట్టించాం. పనివాడు మైనంలో మసి కలిపి కాస్తుంటే ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. గరిటె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లయినా ఎస్తేరు మీద కుళ్లు చావలేదు నాకు, ఏం చేయను!

పంతొమ్మిది వందల యాభైలలో కడపలో నాకూ ఎస్తేరుకూ వీణ నేర్పింది మంగమ్మ గారు. పిల్లాజెల్లా లేని మనిషి. ఆమెకు ఉన్నదల్లా ఒక పనస చెక్క వీణ. ఎండాకాలం వస్తే దానికి జరిగే సేవ చూసి నాకు ఏడుపొచ్చేది. పడమటి గోడ కాగుతుందని దాన్ని లోపలి గదికి చేర్చేది. తీగలు వదులు చేసి, పాత చీరల బొంత కప్పి, బల్ల మీద పడుకోబెట్టేది. ఆమె మాత్రం వసారాలో విసనకర్రతో చెమటలు కక్కుతూ కూర్చునేది. ఒకసారి చల్లగా ఉంటుందని నేను దాని మీద తడిగుడ్డ కప్పబోతే చేయి పట్టి లాగేసింది.

"నీళ్ల కడవ అనుకుంటివా? తడికి చెక్క ఉబ్బుతాది, ఆనక ఎండకు బీటలిస్తాది!"

ఆమెకు చేతులు వణకడం మొదలైన ఏడాది, ఎండలు ముదరకముందే వేంపల్లెలో ఉన్న తమ్ముడి ఇంటికి బయలుదేరింది. వీణను బండిలో తీసుకుపోతే మెట్లను పట్టి ఉంచే మైనం దారిలోనే ఎండకు మెత్తబడి, కుదుపులకు అవి జారిపోతాయి. అందుకని ఇక్కడే ఎవరికో అప్పగించాలి. ఈ ఎండలు దాటించిన వాళ్లకే వీణ, ఇంక నాకొద్దు అని కూడా చెప్పింది. ఆ వీణ నాదేనని నేను రాసిపెట్టుకున్నాను. మాది బండలు పరిచిన కొత్త మిద్దె ఇల్లు. ఎస్తేరు వాళ్లది ఊరి చివర మట్టిగోడల మీద బోదగడ్డి కప్పిన కొట్టం. నాన్న వీణ కోసం ఏకంగా ఒక గది ఖాళీ చేయించారు.

మంగమ్మ గారు పొద్దుగూకే వేళ మా ఇంటికొచ్చి, ఆ గది గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. "పొద్దు పోయినా ఇంకా కాగుతాండాది. రాతి ఇల్లు కదమ్మా. వీణ ఎస్తేరు వాళ్ల కొట్టంలో ఉండనీ."

ఆ ఎండాకాలమంతా వీణను చూసే నెపంతో ఎస్తేరు ఇంటికి తిరిగాను. ఎక్కడైనా సన్నని బీట కనబడుతుందేమోనని కళ్లు చించుకుని వెదికాను. అది పగలాలని నిజంగానే కోరుకున్నాను. ఎస్తేరు అన్నం తింటూ కూడా లేచిపోయి, బొంత కింద చెయ్యి పెట్టి చూసుకునేది.

"ఏమే, ఊరికే దాన్నే చూస్తాండావు, మజ్జిగ తాగు," అనేది నాతో. ఆ మజ్జిగ కూడా నాకు చేదుగా ఉండేది.

వానలు పడ్డాక మంగమ్మ గారు తిరిగొచ్చి, కొట్టంలోనే కూర్చుని తీగలు బిగించింది. ఒక్క మెట్టు కదల్లేదు. "శానా బాగా చూసుకుంటివి. ఇది నీదే పో," అంది ఎస్తేరుతో.

నేను ఉండబట్టలేకపోయాను. "మరి నాకో?"

"నీకు నేను లేనా యేమి?" అంది.

ఓదార్పు మాట అనుకున్నాను. కానీ అప్పటినుంచి ఆమె సాయంత్రాలన్నీ మా ఇంట్లోనే గడిచాయి. నాన్న కొనిచ్చిన కొత్త వీణ నా ఒళ్లో పెట్టి, పక్కన కూర్చుని, అపస్వరం పడిన ప్రతిసారీ మోకాలి మీద చరిచేది. నేనేమో ఆమె ఎదురుగానే కూర్చుని ఆ పాత వీణ కోసం కుమిలేదాన్ని. చివరికి మంచం పట్టింది కూడా మా ఇంట్లోనే.

ఆమె పోయిన రోజు ఎస్తేరు వచ్చి నా పక్కన కూలబడింది.

"నిన్ను చూస్తే నాకెంత కుళ్లో తెలుసునా సరోజా? నాకు చెక్క ఇచ్చి, మనిషి నీ ఇంటికి వచ్చె."

ఇప్పటికీ మనసు చిన్నబోయినప్పుడల్లా ఆ మాటనే తలచుకుంటాను, నన్ను చూసి కూడా ఒకరు కుళ్లుకున్నారు కదా అని.