పెట్టెను పలకరించే మా సీనియర్

ముందే చెబుతున్నాను, నేను చీమ గురించి మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేలోపు అది ఏనుగవుతుంది. సగం తగ్గించుకుని చదవండి.

హగరి ఏటి దగ్గర మా ఇనుము ఫ్యాక్టరీలో గడియారాలన్నిటికీ టైము చెప్పే చిన్న పెట్టె ఒకటి ఉంది. మిద్దె మీది యాంటెన్నాతో అది ఉపగ్రహాల నుంచి టైము తెలుసుకుంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే మా సీనియర్ ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తేవారు కాదు. గంటకోసారి మాత్రం కీబోర్డు ముందు కూర్చుని, "ఏమప్పా, ఆరామా?" అని పెట్టెను పలకరించి కమాండు కొట్టేవారు. ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో, టైము ఎంత జారిందో తెర మీదికి వచ్చేది. సెకనులో లక్షో వంతు జారినా ఆయనకు ముద్ద దిగేది కాదు.

"అంతా లాగ్ ఫైల్లోకి దానంతటదే ఎక్కుతాది కదా సార్, మళ్లా చూసేదేంది?" అన్నాను ఒకసారి.

"మీ అమ్మకు బీపీ మిషన్ కొనిచ్చినావని, ఆరామా అని అడిగేది మానేస్తావా?"

ఆయన రిటైరైన రోజు మిద్దె మీద రేకుల పందిరి వేసి, ఏనుగుకు సరిపోయే దండ తెచ్చి కూర్చున్నాం. ఆయన రాలేదు. కిందికి పోయి చూస్తే తెర ముందు చెమటలు కక్కుతున్నారు.

"ఒక్క ఉపగ్రహమూ అందలేదప్పా. దీన్ని తప్పుడు టైముతో నీ చేతికిచ్చి నేను యాడికి పోయేది?"

అప్పుడు వెలిగింది నాకు. యాంటెన్నా మా పందిరి కిందే ఉంది.

రేకులన్నీ పీకేశాం. ఉపగ్రహాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాక గానీ ఆయన కుర్చీ వదల్లేదు. నెత్తిన దోసె కాలే ఎండలో దండ వేసి మైకు ఇస్తే, "ఆరామ్‌గా ఉండండప్పా" అని మాత్రం అన్నారు. అందరి కళ్లలోనూ నీళ్లు, ఆ పాడు ఎండ వల్ల.

ఇందులో నేను కల్పించింది ఎండ ఒక్కటే. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.